నాయిన విన్న అడవి

ఫిబ్రవరి 4, 2024. ఆదివారం

పొద్దున ఆరున్నరకే ఎల్బీనగర్ చౌరస్తా దాటేశాం. ఆ వేళకే విజయవాడ బస్సుల కోసం జనం బ్యాగులు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నారు. చింతలకుంట, పనామా, సుష్మ, ఆటోనగర్. లారీల షెడ్ల వరస అయిపోయాక హరిణ వనస్థలి గేటు. అమ్మ పోయాక నాయిన అచ్చంపేట వదిలి చైతన్యపురిలో మా ఇంటికి వచ్చి ఏడాదిన్నర. ఇంత దగ్గరలో ఇంత అడవి ఉందని ఆయనకు చూపించడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

3605 ఎకరాలు. ఒకప్పుడు నిజాం వేట ఆడిన నేల. 1975లో, మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భంలో ఆయన పేరు పెట్టి జింకలకు వదిలేశారు. వేట జరిగిన చోటికి అహింస బోధించినవాడి పేరు. ఎవరి ఆలోచనో గాని చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

గడ్డిలో రెండు మగ కృష్ణజింకలు. ఒకదాని వీపు కాటుక నలుపు. రెండోది ఇంకా పడుచుది, గోధుమ రంగు పూర్తిగా వదల్లేదు. నల్లది మూతి పైకెత్తి, చెవులు వెనక్కి వాల్చి, తోక వీపు మీదికి మడుచుకుని అడుగులో అడుగు వేస్తూ వచ్చింది. తోటి టీచర్ దగ్గర అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్స్‌లో దాని కన్ను ముందర ఉన్న గ్రంథి కూడా కనిపించింది. చీలిక లాగా తెరుచుకుని, లోపల తడిగా, నల్లగా. దాన్ని ఒక రెమ్మ కొసకు ఎంత సుతారంగా ఆనించిందంటే, పసిపాపకు దిష్టిచుక్క పెట్టినట్టే ఉంది. ఇది నా జాగా అని వాసనతో రాసుకోవడమట అది. పిల్లలకు పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను, కళ్లతో చూడడం ఇవాళే.

నాయినకు ఎడమ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కుడి కన్ను నీటికాసుల వల్ల దాదాపు పోయింది. అంత దూరాన జింకలు ఆయనకు ఆనవు. నేను చెబుదామని నోరు తెరిచేలోపే "కొమ్ములు కలిసినయి బిడ్డా" అన్నాడు. అప్పుడు విన్నాను, కోలాటం కర్రల చప్పుడు. టక్, టక్, టకటక.

కాసేపటికి తీతువు ఒకటి అరుస్తూ లేచింది. "ఎవరో వస్తున్నరు" అన్నాడు. నిమిషం తిరక్కుండా మలుపులో నలుగురు వాకింగ్‌వాళ్లు.

ఫిబ్రవరి 7. బుధవారం

ఏడో తరగతిలో రాష్ట్ర చిహ్నాల పాఠం. 2014కు ముందు చదువుకున్న మా తరానికి రాష్ట్ర జంతువంటే కృష్ణజింక. ఇప్పుడు తెలంగాణకు చుక్కల జింక, పాలపిట్ట, జమ్మి, తంగేడు. వెనక బెంచీ పిల్లవాడు చెయ్యెత్తి, "మేడం, మా ఇంటెనక ఉన్నవి నల్లయే కదా, మరి అవి ఎవరివి?" అని అడిగాడు. ఆటోనగర్ పిల్లవాడు. వాళ్ల నాన్న లారీలకు గ్రీజు పెట్టే పని చేస్తాడు. నీవే నాయనా అన్నాను. సాయంత్రం బడి వదిలేదాకా వాడి ముఖం వెలుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 11. ఆదివారం

సాయంత్రం విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఒక పక్కంతా హోర్డింగులు, ఇంకో పక్క అనాథాశ్రమం ఆవరణలోని పాత చెట్లు. అది ఆరో నిజాం కాలపు సరూర్‌నగర్ ప్యాలెస్. అయిదూ నలభైకి మొదలయింది రామచిలుకల రాక. ఇరవై, ముప్పై, మళ్లీ ఒక యాభై. రైలు వచ్చిపోయే రొదలోనూ వాటి గోల వినిపిస్తూనే ఉంది. ప్లాట్‌ఫాం మీద కోచింగ్ సెంటర్ల పిల్లలు వందమంది ఉంటారు. ఒక అమ్మాయి ఫోన్ లోంచి తలెత్తి చూసి, పక్కనున్న అమ్మాయి భుజం తట్టింది. ఆ ఇద్దరూ రెండు రైళ్లు వదిలేశారు.

ఇంటికొచ్చాక నాయినను అడిగాను, "మన్ననూరు పోదామా?" అని. ఆయన టీవీ ఆపేశాడు. "ఎప్పుడు?" అన్నాడు.

ఫిబ్రవరి 15. గురువారం

అచ్చంపేట డిపోలో ఇరవై ఆరేళ్లు డ్రైవర్ నాయిన. అందులో ఎక్కువ భాగం శ్రీశైలం రూటే. రాత్రి అన్నాలయ్యాక మా చిన్నోడు పక్కన చేరితే చెప్పుకొచ్చాడు. నేను ఉల్లిగడ్డలు తరుగుతూ విన్నది విన్నట్టు రాసుకుంటున్నాను.

బస్సు లైట్లు పడ్డప్పుడు అడవి కళ్లతోనే కనబడుతుందట. గుంపుగా, తెల్లగా, ఆకుపచ్చ జీర కలిసి మెరిస్తే దుప్పులు. అవే ఇంకా ఎత్తులో ఉంటే కణుజు. రోడ్డు నడిమధ్యన, నేలకు ఆనుకుని, ఎర్రటి నిప్పురవ్వలు రెండు కనబడితే కప్పపిట్ట. నైట్‌జార్ అని పుస్తకాల్లో రాసేది దాన్నే. పగలంతా కాగిన తారు వెచ్చగా ఉంటుందని వచ్చి కూర్చుంటుంది, టైరు మీదికి వచ్చేదాకా లేవదు. "దానికోసం నేను బ్రేకు కొట్టంగ సీట్లళ్ల పండినోళ్లు నన్ను తిట్టిన తిట్టు తిట్టలే." పసుపు పచ్చగా, దూరం దూరంగా ఉన్న రెండు దీపాలు, మెల్లగా, బెదరకుండా మన వైపు తిరిగితే మాత్రం అది వేరే లెక్క.

అది ఆయన ఒక్కసారే చూశాడు. వటువర్లపల్లి ఇవతల, శివరాత్రి స్పెషల్ తోలుతున్న రాత్రి. ఇంజను ఆపేశాడు, లైట్లు తగ్గించాడు. బస్సు నిండా భక్తులు, ఒక్క పసిపిల్ల ఏడవలేదు. అది లేచి, ఒళ్లు విరుచుకుని, దారి దాటింది. "శిఖరం చూసిన కంటె ఎక్కువ దండాలు ఆ రాత్రి బస్సులనే పెట్టిండ్రు."

ఇప్పుడు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ రోడ్డు మీద బండ్లు వదలరు. మంచి పని అన్నాడు. రాత్రి డ్యూటీ భత్యం పోయేది కదా అని మా ఆయన అంటే, "పోతే పోనీ, వాటి రోడ్డు వాటికి ఉండాలె గద" అన్నాడు.

ఫిబ్రవరి 23. శుక్రవారం రాత్రి

మేడారం జాతర జరుగుతోంది. ఆర్టీసీ బస్సులన్నీ అటే పోయాయి, అందుకని మా కారులోనే ప్రయాణం. సర్దినవి: జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, సర్వపిండి, నీళ్ల స్టీలు బిందె. చిన్నోడి తెల్ల చొక్కా తీసేసి మట్టిరంగుది పెట్టాను. సెంటు సీసా ఇంట్లోనే ఉండాలని నాయిన మా ఆయనకు చెప్పలేక నాకు చెప్పాడు. తన పాత ఖాకీ చొక్కా మాత్రం తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

ఫిబ్రవరి 24. శనివారం

ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, తుక్కుగూడ. అక్కడ ఊపిరి పీల్చుకుంటుంది దారి. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి. నాయినకు రోడ్డు కనబడకపోయినా ఒళ్లంతా రోడ్డే. "ఇప్పుడు ఎడమకు వంపు... ఇక్కడ రాగిచెట్టు ఉండాలె, ఉన్నదా?" లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయినట్టుంది. ఉందని అబద్ధం చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేదు.

డిండి చెరువు దగ్గర పది నిమిషాలు ఆగాం. కొంగలు, నీటికాకులు, దూరంగా నీళ్ల మీద తెల్లగా ఏదో గుంపు. హాజీపూర్ దాటాక ఎదురుగా నల్లమల గోడ కట్టినట్టు లేచింది. అప్పటిదాకా మన చుట్టూ ఉన్నవి గుండ్రాళ్లు, దొంతులు పేర్చిన గ్రానైట్ బండలు. మన దిల్‌సుఖ్‌నగర్ కింద ఉన్న రాయి కూడా అదే, 250 కోట్ల ఏళ్ల నాటిది. ఇక్కడి కొండలది వేరే పుట్టుక. పొరలు పొరలుగా, పుస్తకం అట్టల లాగా, ఒకప్పటి సముద్రం అడుగున ఇసుకా ఒండ్రూ గట్టిపడి అయిన రాళ్లు.

ఘాట్ రోడ్డు మీద బండ్లు ఆపి కోతులకు చిప్స్ పాకెట్లు విసురుతున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కాని ఆ పాకెట్ కోసం పిల్లను పొట్టకు కరుచుకుని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తిన తల్లి కోతిని చూశాక నా గుండె చాలాసేపు కుదుటపడలేదు. తినేవి అడవి నిండా ఉన్నాయి వాటికి. రేగు ఉంది, మారేడు ఉంది, మొర్రి ఉంది. మనం పెట్టేదల్లా రోడ్డు అలవాటు.

అదే రోజు, సాయంత్రం నడక

మన్ననూరు నుంచి ఒక చెంచు యువకుడు గైడ్‌గా వచ్చాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. నన్ను అక్కా అన్నాడు, నాయినను తాతా అన్నాడు. నాయిన ఫలానా డిపో డ్రైవర్ అని తెలియగానే, "మా పెంటకాడ చెయ్యెత్తితే ఆపేటోడు ఒక డ్రైవర్ ఉండె అని మా అవ్వ చెప్పేది" అన్నాడు. పెంట అంటే చెంచుల గూడెం. నాయిన ఏమీ అనలేదు. ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి ఇక తీయలేదు. నడకంతా అలాగే సాగింది.

ఆకు రాలిన అడవి. తపసి చెట్లు ఒంటి మీద నూలుపోగు లేనట్టు, తెల్లగా, నున్నగా. కొండగోగు మాత్రం ఒక్క ఆకు లేకుండా నిండా పసుపు పచ్చ పూలు. మోదుగ అప్పుడప్పుడే ఎరుపెక్కుతోంది. కాళ్ల కింద టేకాకులు అప్పడాలు విరిగినట్టు చప్పుడు చేస్తుంటే, గైడ్ తమ్ముడు మమ్మల్ని ఆపి, మడమ మోపకుండా పాదం పక్కవాటుగా ఆనించడం నేర్పించాడు. చిన్నోడు రెండు నిమిషాల్లో పట్టేశాడు. మా ఆయనకు రాలేదు.

దారి పక్కన చీమలపుట్ట బద్దలై ఉంది. నిజానికి చెదల పుట్ట, మనం నోటి అలవాటుగా చీమలపుట్ట అంటాం. సిమెంటంత గట్టి మట్టిలో నాలుగు సమాంతరపు గాట్లు, ఒక్కోటి నా చూపుడువేలు అంత లోతు. మధ్యలో గుండ్రటి బొక్క. ఎలుగుబంటి తవ్వి, మూతి ఆ బొక్కకు బిగించి, ఊది దుమ్ము ఎగరగొట్టి, ఆ తర్వాత జుర్రుకుంటుంది. పైవరస నడిమి పళ్లు రెండూ ఉండవు దానికి, ఆ సందు చెదల్ని పీల్చుకునే గొట్టంలా పనికొస్తుంది. ఈ సంగతి చదివి ఉన్నాను. బొక్క లోపలికి వేలు పెడితే మట్టి ఇంకా చల్లగా, తడిగా తగిలింది. చదువు ఒకటి, ఆ తడి ఒకటి.

పది అడుగుల అవతల దాని పేడ. గైడ్ తమ్ముడు పుల్లతో విడదీసి చూపించాడు. నిండా రేగు గింజలు. ఒక్కటి కూడా పగల్లేదు, కడిగి పెట్టినట్టున్నాయి. కొన్ని చెద తలకాయలు, కాస్త వెంట్రుక. "ఇది ఏడ తిని ఏడ పోసిందో, వానకాలం ఆడ రేగుచెట్టు లేస్తది" అన్నాడు. చిన్నోడు మూడు గింజలు జేబులో వేసుకోబోతే ఆపి, "అడివివి అడివికే ఇడువు తమ్మీ" అని చెప్పాడు. ఆ మాటలో కసురు లేదు. వాడు గింజల్ని ఎక్కడివక్కడ పెట్టి, పైన మట్టి కూడా కప్పాడు.

తేనె సంగతి అడిగాను. కొండ అంచు నుంచి తీగతాడు వేసుకుని దిగుతారు. పైన తాడు పట్టుకునేది భార్య తోడబుట్టినవాడు, బావమరిది. అక్కచెల్లెలి పసుపుకుంకుమల మీద ఆశ ఉన్నవాడు చెయ్యి వదలడు కదా. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లో వచ్చి ఈ పెంటల్లో తిరిగి చెంచుల మీద పుస్తకం రాశాడు, 1943లో అచ్చయింది. ఆ మాట చెబితే తమ్ముడు ఆసక్తిగా విన్నాడు గాని, అతని మనసు వేరేచోట ఉంది. 2019లో యురేనియం కోసం బోర్లు వేస్తారన్నప్పుడు అమ్రాబాద్, పదర జనం ఎట్లా కదిలారో, సెప్టెంబరు 16న అసెంబ్లీ వద్దని తీర్మానం చేసినప్పుడు పెంటలో ఎట్లా డప్పులు మోగాయో చాలాసేపు చెప్పాడు.

రాత్రి

నిండు పున్నమి. అక్కడ మేడారంలో తల్లులు వనం చేరే రాత్రి. ఇక్కడ కాటేజీ అరుగు మీద నాయిన, నేను. లైటు ఆర్పేయమన్నాడు. 

మొదట ఏమీ లేదనిపించింది. తర్వాత కప్పపిట్ట మొదలెట్టింది: గోళీని బండ మీద వదిలితే టక్, టక్, టకటకటక అని ఆగినట్టు. ఒకటి ఆగితే రోడ్డు అవతల ఇంకొకటి. "ఇన్నేండ్లు దీని కండ్లు చూసిన గాని గొంతు ఇనలే బిడ్డా. ఇంజను సప్పుడుల ఏడ ఇనబడుతది?" అన్నాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, ఆ పిట్టను తప్పించడానికి వందసార్లు బ్రేకు తొక్కిన మనిషి, దాని గొంతు ఇవాళ మొదటిసారి వింటున్నాడు. పదకొండు దాటేదాకా లేవలేదు. నేను దుప్పటి తెచ్చి కప్పాను.

ఫిబ్రవరి 25. ఆదివారం

తెల్లవారకముందే ఫరాహాబాద్ గేటు. జీపులో మేం నలుగురం, డ్రైవర్, గైడ్ తమ్ముడు. చలి చెవుల్లోకి దూరుతోంది.

2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ విడిగా ఏర్పడింది. అంతకుముందు కృష్ణకు అటూ ఇటూ అంతా ఒకటే నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వ్. రాష్ట్రం విడిపోయాక అడవి కాగితాలూ పంచుకున్నారు. మన వైపు వచ్చింది 2611 చదరపు కిలోమీటర్లు. కృష్ణ నడిమధ్యన పారుతున్నా, ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా కొండల పేరు నల్లమలే.

మొదటి మలుపులో దుప్పులు, నలభై దాకా. బెట్టుడుత ఒకటి మద్దిచెట్టు కొమ్మ మీద బోర్లా పడుకుని తోక కిందికి వేలాడేసింది, ఎర్రమట్టి రంగు వీపు, గంధం రంగు పొట్ట. తర్వాత జీపు ఆగింది. దుమ్ములో అడుగు.

తమ్ముడు దిగి, ఎండుపుల్లతో చుట్టూ గీత గీశాడు. నా అరచెయ్యి దానిలో పట్టేసింది. నాలుగు వేళ్లు, వెనక మెత్త, గోళ్ల గుర్తు లేదు. కుక్కజాతి అయితే గోళ్లు పడతాయి, పిల్లిజాతి లోపలికి ముడుచుకుంటుంది. అది అందరికీ తెలిసిందే. నాకు తెలియనిది ఇంకొకటి చూపించాడు: ఆ అడుగు మీదుగా చీపురుపుల్లతో గీసినట్టు సన్నటి మూడు వేళ్ల జాడ. కౌజుపిట్టది. కౌజు వెలుగు రాందే దిగదు. అంటే పులి పోయాక తెల్లవారింది, తెల్లవారాక కౌజు నడిచింది, కౌజు నడిచాక మేం వచ్చాం. రాత్రి కథంతా గుప్పెడు దుమ్ములో ఉంది. నేను ఫొటో తీయడం మరిచిపోయి కూర్చుండిపోయాను. చిన్నోడు తీశాడు.

జీపు ఇంజను ఆపమని నాయినే అడిగాడు.

ఎడమ పక్క పైన కొండముచ్చు దగ్గింది. ఖర్... ఖక్, ఖక్. "ఆగుండ్రి" అన్నాడు నాయిన. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు, గాలికి వెదురు కీచుమనడం తప్ప. అప్పుడు ఇంకాస్త కింద నుంచి, ఖాళీ కాగును కర్రతో ఒక్క దెబ్బ కొట్టినట్టు, పోంక్! కణుజు. మళ్లీ పోంక్! కణుజు ఊరికే అరవదు, కొండముచ్చు తొందరపడుతుంది గాని కణుజు కళ్లారా చూస్తేనే అరుస్తుంది, అని తమ్ముడు గుసగుసగా చెప్పాడు. నాయిన చెయ్యి గాలిలోకి లేచింది. చూపుడువేలు ఎడమ నుంచి మెల్లగా కిందికి కదులుతోంది. "దిగుతున్నది... వాగు దిక్కు పోతున్నది." కుడి పక్క లోయలో ఎక్కడో దుప్పి కూసింది, సన్నగా, తెగినట్టు. వేలు అక్కడికి పోయి ఆగింది. "నీళ్ల కాడికి వచ్చింది."

పన్నెండు నిమిషాలు. పులో చిరుతో మాకు తెలియదు, దాని వెంట్రుక కూడా మేం చూడలేదు. కాని మా నాయిన వేలు చివర అది కొండ దిగడం నేను చూశాను.

వెనక నుంచి ఇంకో జీపు వచ్చింది. "ఏమన్న కనిపించిందా?" అని గట్టిగా అరిచి అడిగారు, పాట కూడా మోగుతోంది. కనిపించలేదని మా ఆయన చెప్పాడు. వాళ్లు ఉసూరుమంటూ ముందుకు పోయారు. అడవి మళ్లీ మొదటి నుంచి సద్దుమణగడానికి అరగంట పట్టింది.

వ్యూ పాయింట్ దగ్గర పాత విడిది శిథిలాలు, ఎదురుగా పొగమంచులో మెట్లు మెట్లుగా కొండలు. బాగుంది, ఫొటోలు దిగాం. నా ధ్యాసంతా ఇంకో సంగతి మీద ఉంది. హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే కోసం 1931-32లో సలీం అలీ మన్ననూరు, ఫరాహాబాద్‌లలో మకాం వేశాడు. ఇదే గట్టు మీద, ఇదే చలిలో, చెవి ఒగ్గి కూర్చున్నాడన్నమాట. ఆయన నోటుబుక్కులో ఎక్కిన పిట్టలకు మునిమనవళ్ల మునిమనవళ్లు ఇప్పుడు కూస్తున్నాయి. రాళ్ల మధ్య పొదలో పసుపు గొంతు పిగిలిపిట్ట కనిపిస్తుందేమోనని వెతికాను, ఇలాంటి కొండరాళ్లను వదిలి బయటికి రాని పిట్ట అది. కనిపించలేదు. మళ్లీ రావడానికి ఒక పని మిగిలింది.

మూషిక జింక సంగతి చిన్నోడు అడిగాడు. అడుగు ఎత్తు ఉండదు, మూడు కిలోల బరువు. 2010లో మన జూపార్కు, సీసీఎంబీ కలిసి వాటిని పెంచడం మొదలుపెట్టి, 2017లో ఈ అడవిలో వదిలారు. రాత్రే తిరుగుతుంది, ఆకు కదిలితే రాయైపోతుంది. "అయితే మనల్ని అది చూసే ఉంటది" అన్నాడు వాడు.

మధ్యాహ్నం మల్లెలతీర్థం. మూడొందల పైచిలుకు మెట్లు దిగాలి. నాయిన పైనే బండ మీద కూర్చుండిపోయాడు. ఈ కాలంలో ధార సన్నబడింది, అయినా రాతి మీద నాచు చల్లగా ఉంది, తడి ఇసుక మీద పసుపు సీతాకోకలు రెక్కలు మూసి నీళ్లు తాగుతున్నాయి. పైకి వచ్చేసరికి, ఎన్ని ధారలు పడుతున్నాయో నాయిన చెప్పాడు. మూడు. సరిగ్గా మూడే.

తిరుగు దారిలో

వటువర్లపల్లి దాటాక తారు మీద జంగపిల్లి చచ్చి పడి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. చెవుల కొసల నల్ల వెంట్రుకలు గాలికి కదులుతున్నాయి. మేం పక్కనుంచి పోబోతే నాయిన ఆపమన్నాడు. దిగి, తన తువ్వాలుతో దాన్ని ఎత్తి, రోడ్డు దిగి ఇరవై అడుగులు లోపలికి తీసుకెళ్లి చెట్టు మొదట్లో పెట్టి వచ్చాడు. నేను చెయ్యి పట్టుకుని వెంట నడిచాను.

"ఈడ ఇడిసిపెడితే తిననీకి గద్దలు వస్తయి, కాకులు వస్తయి. అవి గుడ బండ్ల కింద పడతయి. ఒకదానితోటి ఆగదు బిడ్డా."

డ్రైవర్‌గా ఉన్నప్పుడు కూడా ఇట్లా దిగేవాడివా అని అడిగాను. టైముకు డిపో చేరాలి కాబట్టి అప్పుడు దిగలేదన్నాడు. ఆ తర్వాత కల్వకుర్తి దాకా మాట్లాడలేదు. బండి ఎంత వేగంలో పోతోందని మాత్రం రెండుసార్లు అడిగాడు. మా ఆయన అరవై దాటలేదు.

ఫిబ్రవరి 28. బుధవారం

సైన్స్ డే. పిల్లలకు ఆ అడుగు ఫొటో చూపించి, ఎవరు ముందు, ఎవరు వెనక అని అడిగాను. పులి అని అందరూ అరిచారు. కౌజు జాడను పట్టుకున్నది మళ్లీ ఆటోనగర్ పిల్లవాడే. మైదానంలో ఇసుక చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున ఎవరు నడిచారో చూద్దామని తీర్మానించుకున్నాం.

ఫిబ్రవరి 29. గురువారం

పిల్లి రెండుసార్లు. కుక్క. పందికొక్కు. మైనాలు. వాచ్‌మన్ చెప్పులు. ముంగిస! గోడ అవతల ఖాళీ ప్లాటులో ఉంటుందట, పిల్లలకు ముందే తెలుసు, నాకే తెలియదు.

మార్చి 8. శుక్రవారం, శివరాత్రి

దిల్‌సుఖ్‌నగర్ గుళ్ల ముందు క్యూలు. రైతుబజారులో కందగడ్డల రాశులు, పుచ్చకాయలు. నల్లమల కాలిబాటల్లో నడిచి శ్రీశైలం చేరుతున్న వాళ్లను టీవీలో చూపిస్తుంటే నాయిన, "చెప్పులు లేకుంట నడుస్తరు, గంత భక్తి. ఆ నీళ్ల బాటిల్ గుడ సంచిల ఏసుకుంటే శివయ్య ఇంక మెచ్చుతడు గద" అన్నాడు.

మార్చి 17. ఆదివారం

హరిణ వనస్థలి. మోదుగ నేల మీదంతా రాలి ఉంది. చిన్నోడు ఇప్పుడు నడుస్తూ మాట్లాడడు. ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపాడు: "కౌజులు ఆగిపోయినయి."

నిలబడ్డాం. ముందర పది అడుగుల్లో, బోదగడ్డి మొదట్లో, కృష్ణజింక కూన. మెడ నేలకు ఆనించి, చెవులు వీపుకు అతికించి, మట్టిముద్దలా. ముక్కు మాత్రం తడిగా మెరుస్తోంది, దాని మీద ఒక ఈగ. ఈగ ముక్కు మీద నడుస్తున్నా అది కదల్లేదు. అవతల తల్లి గిట్టతో నేలను తడుతోంది. వచ్చిన అడుగుల్లోనే అడుగులు పెట్టుకుంటూ వెనక్కి వచ్చేశాం. నాయినకు చిన్నోడు చెవిలో చెప్పాడు. ఆయన అటు తిరిగి, ఏమీ కనబడకపోయినా, రెండు చేతులు జోడించాడు.

ఏప్రిల్ 9. మంగళవారం, ఉగాది

మా సందులో మిగిలిన ఒక్క వేపచెట్టు కిందే వీధి వీధంతా పూతకు చేరింది. కోయిల నాలుగున్నరకే మొదలెట్టింది. హాస్టల్ అమ్మాయిలు కిటికీలోంచి దానికి బదులు కూస్తున్నారు.

ఏప్రిల్ 23. మంగళవారం

చైత్ర పున్నమి, బడికి ఆఖరి రోజు. నల్లమలలో సలేశ్వరం జాతర. లోయలోకి దిగి, రాళ్లు పట్టుకుని నడిచి, ధార పక్కన గుహలో లింగమయ్యను చూసి వచ్చే జాతర. గైడ్ తమ్ముడు ఫోన్‌లో ఒక నిమిషం చప్పుడు పంపాడు, తాతకు వినిపించమని. నీళ్లు, జనం కేకలు, దూరంగా డప్పు. నాయిన నాలుగుసార్లు పెట్టించుకున్నాడు. నాలుగోసారి, "నీళ్లు తక్కువున్నయి ఈసారి" అన్నాడు.

మే 3. శుక్రవారం

అయిదు రోజులుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర తిరుగుతున్న చిరుత ఇవాళ తెల్లవారుజామున బోనులో పడింది. మేకను ఎరగా కట్టారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, మైలార్‌దేవ్‌పల్లి దగ్గర నడిరోడ్డు మీద పడుకున్న చిరుత గుర్తొచ్చింది. ఊరు నోరు మూసుకోగానే వచ్చి చూసి పోయింది అది.

పేపరు నేనే చదివి వినిపించాను. జూపార్కుకు తీసుకెళ్లారు, డాక్టర్లు చూశాక నల్లమలలో వదులుతారట. నాయిన కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఏ దారిన తీసుకపోతరు?"

శ్రీశైలం రోడ్డే అయి ఉంటుందన్నాను.

"తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు..." వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "కల్వకుర్తి కాడ స్పీడు బ్రేకర్లున్నయి, మెల్లగ తోలుమనాలె. లోపల అది నిలబడలేదు పాపం. డిండి, హాజీపూర్, మన్ననూరు. తొమ్మిదింటి లోపల గేటు దాటాలె."